రెడ్డిగూడెంలో ముడుచుకున్న పగడం

మైలవరం దాటి రెడ్డిగూడెం దారి పట్టగానే రెండు పక్కలా మామిడి తోటలే. బంగినపల్లి, కలెక్టరు, చిన్నరసాలు. చెట్టుకు తెగులు తగిలితే ఆకు తిప్పి చూసి సంగతి చెప్పేవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. మేం చూడటానికి వెళ్లింది మాత్రం పగడాన్ని. బందరు దాకా పోయినా పగడపు దిబ్బ కనపడదు. కృష్ణా గోదావరులు తెచ్చిపోసే ఒండ్రుకు నీళ్లు మసకబారే తీరం అది. మన్నార్ సింధుశాఖకో, లక్షద్వీప్‌కో, అండమాన్‌కో, అలాంటి ఇంకో చోటికో పోతే తప్ప వాటిని చూడలేం.

రెడ్డిగూడెంలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న ఒక కుర్రాడు ముందుగదిలో మూడడుగుల గాజుతొట్టి పెట్టాడు. 190 లీటర్ల ఉప్పునీరు, నీలం లైటు, రెండు క్లౌన్ చేపలు, రాళ్ల మీద నత్తలు. మధ్యలో పుట్టగొడుగు ఆకారంలో ఒక లెదర్ కోరల్, అంటే మెత్తటి రకం పగడం. మామూలుగా దాని తల నిండా సన్నటి తంతువులు ఊగుతూ ఉండాలి. వారం పైగా అవి లోపలికి ముడుచుకుపోయాయట. తల కుంచించుకుపోయి, పైన మైనం రాసినట్టు మెరుస్తోంది.

"చచ్చిపోతోందేమో అన్నా, మందు తెప్పించేశా" అన్నాడు. నాతో వచ్చిన ఆయనకు విజయవాడలో అక్వేరియం దుకాణం ఉంది. "మందు సీసా మూత తియ్యకు తమ్ముడూ, ముందు నీళ్లు చూద్దాం" అన్నాడాయన. ఆ తర్వాత చాలాసేపు ఏ మాటా అనకుండా తొట్టిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయన దగ్గర నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ కూర్చోవడమే.

మొదటి అనుమానం రాగి మీదికి పోయింది. తోటలో కాపర్ మందు కొట్టి వచ్చిన చెయ్యి తొట్టిలో పెట్టినా, చేపల జబ్బుకని రాగి కలిసిన మందు పోసినా, వెన్నెముక లేని జీవాలు తట్టుకోలేవు. కానీ అదే గనక అయితే ముందు పోయేవి నత్తలు. అవి అద్దం మీద నిక్షేపంగా పాకుతున్నాయి. అమ్మోనియా పరీక్షలో రంగు మారలేదు, నైట్రేటు కూడా ఎక్కువగా లేదు. పగలు వేడి 28 డిగ్రీలు. ఆ పగడం ఒంట్లో కాపురముండే సూక్ష్మ నాచే ఎండను తిండిగా మార్చి దానికి పెడుతుంది. వేడి మితిమీరి ఆ నాచు బయటికి పోతే ఒళ్లు తెల్లబడుతుంది. 2016లో ప్రపంచమంతటా చాలా దిబ్బలకు పట్టిన గతి అదే. దీని రంగు మాత్రం మారలేదు.

అసలు సంగతి ఉప్పు దగ్గర దొరికింది. కుర్రాడి దగ్గరున్న ప్లాస్టిక్ ముల్లు కొలత 35 చూపిస్తోంది, అంటే వెయ్యి పాళ్ల నీటిలో 35 పాళ్ల ఉప్పు. సముద్రంలో ఉండేదీ దాదాపు అంతే. దుకాణం అన్న తన రిఫ్రాక్టోమీటరు మీద ఒక చుక్క వేసి చూస్తే 39! ముల్లుకు ఉప్పు పేరుకుని బరువెక్కింది, అందుకే తక్కువ చూపిస్తోంది. మరి ఉప్పు ఎలా పెరిగింది? నీటిని చల్లబరిచే చిల్లరు యంత్రం కొనలేక నీటి మీదికి ఫ్యాను పెట్టాడు. ఫ్యాను గాలికి నీరు ఆవిరై తొట్టి చల్లబడుతుంది, నిజమే. అయితే పోయేది నీరొక్కటే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. తగ్గిన చోటు నింపడానికి ఇతను రోజూ ఉప్పు కలిపిన నీళ్లే పోస్తున్నాడు. నేర్చుకునే రోజుల్లో చాలామంది చేసే పనే ఇది. తొట్టి పుస్తకాలు మొదటి పేజీలోనే చెప్పాల్సిన సంగతి.

ఇక ఆ మైనం పొర. ఈ జాతి పగడం అప్పుడప్పుడూ ముడుచుకుని, ఒంటి మీద పేరుకున్న నాచునీ మురికినీ ఒక పొరగా విడిచేస్తుంది. కొన్ని రోజులు పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు. కుళ్లితే ఒళ్లు మెత్తబడి జారుతుంది, నల్లటి గుంటలు పడతాయి, నీచు కంపు కొడుతుంది. దీని కాడ గట్టిగా నిలబడే ఉంది. వాకిట్లోంచి వింటున్న నాయనమ్మ, "అయితే పాము కుబుసం విడిచినట్టేనా నాయనా?" అంది. "అంతే మామ్మా" అన్నాడాయన. ఉప్పు పెరిగిన ఇబ్బంది కూడా దీనికి తోడై ఉండొచ్చని కుర్రాడితో చెప్పాడు.

సీసా మూత తియ్యలేదు. పొర తొందరగా ఊడేలా నీటి మోటారును కాస్త పగడం వైపు తిప్పారు. రోజుకు ఐదు లీటర్ల ఉప్పునీరు తోడేసి, ఆర్వో వడపోసిన మంచినీళ్లు అంతే పొయ్యాలి. అలా నాలుగు రోజులు. ఒక్కసారే దించితే పగడానికి ఇంకో దెబ్బ. ఆ తర్వాత ఆవిరైనంత మేరా మంచినీళ్లే.

వచ్చేముందు కుర్రాడు ఫోన్లో ఒక ఫోటో చూపించి, ఎవరో గట్టి పగడం ముక్క అమ్ముతామంటున్నారని అడిగాడు. దుకాణం అన్న గొంతు మారింది. రాతి దిబ్బలు కట్టే ఇలాంటి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అంటే పులితో సమానమైన రక్షణ. "అది కొంటే నేరం తమ్ముడూ. అవి ఉన్న చోటే మిగలడం కష్టంగా ఉంది, నువ్వు తీసుకోకు" అన్నాడు. కుర్రాడు ఆ నంబరును అక్కడే బ్లాక్ చేశాడు.