నయాగరా దారిలో పదకొండు సరస్సులు

న్యూయార్క్ అంటే ఆకాశహర్మ్యాలు... కాదంటే నయాగరా! ఆ రాష్ట్రానికి వెళ్లొచ్చిన మనవాళ్లు ఎక్కువగా చెప్పేవి ఈ రెండే. కానీ రెండింటి నడుమా ఓ నీలాల లోకం ఉంది. కొండల మధ్య పొడుగాటి సరస్సులు, గట్ల మీద ద్రాక్షతోటలు, ఒక్కో ఒడ్డునా ఒక్కో చిన్న ఊరు. వారాంతాలను సరిగ్గా వాడుకోవాలేగానీ ఆర్నెల్లు చూసినా తనివి తీరని చోటు... ఫింగర్ లేక్స్.

శనివారం తెల్లవారుజామున నాలుగింటికి కారు బయల్దేరుతుంది. వెనకసీట్లో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. డిక్కీలో పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సీసా. న్యూజెర్సీలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ నుంచి నయాగరా సుమారు 640 కిలోమీటర్లు. మధ్యాహ్నానికి చేరతారు. పడవెక్కి తడుస్తారు, ఫొటోలు దిగుతారు, రాత్రి రంగుల దీపాల్లో జలపాతాన్ని మరోసారి చూస్తారు. ఆదివారం పొద్దున్నే తిరుగు ప్రయాణం. సోమవారం పిల్లలకు ఆఫీసు. పెద్దవాళ్లకు మళ్లీ అదే సోఫా, అదే కిటికీ.

సందర్శక వీసా మీద వెళ్లిన తల్లిదండ్రులకు సాధారణంగా ఆర్నెల్లు ఉండే వీలుంటుంది. అంటే 26 వారాంతాలు. అక్కడ కారు లేనిదే కాలు కదపలేని ఊళ్లే ఎక్కువ. కాబట్టి పెద్దవాళ్లకు బయటి ప్రపంచం కనిపించేది ఆ 52 రోజుల్లోనే. అందులో రెండు రోజులు నయాగరాకి పోతే, మిగిలినవి షాపింగ్‌మాళ్లకీ పుట్టినరోజు పార్టీలకీ తెలియకుండానే కరిగిపోతాయి. ఆ వారాంతాల్లో ఓ నాలుగింటిని పక్కకు తీసి సరస్సులకు ఇస్తే..?

అరచేతి గుర్తులు

న్యూయార్క్ రాష్ట్రం నడిబొడ్డున, కాస్త పడమరగా, ఉత్తర దక్షిణాలుగా బారులు తీరిన సరస్సులు మొత్తం పదకొండు. మ్యాపులో చూస్తే చాచిన చేతివేళ్లలా ఉంటాయి. అందుకే ఆ పేరు. సృష్టికర్త ఈ నేలను దీవిస్తూ చెయ్యి ఆనించాడనీ, ఆ వేళ్ల గుర్తులే సరస్సులయ్యాయనీ ఓ కథ ప్రచారంలో ఉంది. శాస్త్రం చెప్పేది మరోటి. ఒకప్పుడివి నదీలోయలు. మంచుయుగాల్లో ఉత్తరం నుంచి జరుగుతూ వచ్చిన హిమానీనదాలు ఈ లోయల్ని లోతుగా తొలిచేశాయి. మంచు కరిగాక ఆ గుంతల్లో నీరు నిలిచింది.

ఆ తొలిచిన లోతు ఎంతో తెలుసా? సెనెకా సరస్సులో 188 మీటర్లు. కుతుబ్‌మినార్లను రెండున్నర వరకూ ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా మునిగిపోతాయి. దాని అడుగు సముద్రమట్టంకన్నా కిందికి ఉంటుంది. సెనెకా, కయూగా అన్నవి ఈ నేలకు అసలు హక్కుదారులైన హోడెనషోనీ సమాఖ్యలోని జాతుల పేర్లు. 1779లో అమెరికన్ సైన్యం వాళ్ల ఊళ్లనూ పంటలనూ తగలబెట్టి తరిమేసింది. పేర్లు మాత్రం నీళ్లమీద నిలిచిపోయాయి.

లెక్క ఇలా వేసుకోవాలి

ఇక్కడికి తొలిసారి వచ్చేవాళ్లు చేసే పొరపాటు ఒక్కటే. రెండు రోజుల్లో అయిదు సరస్సులు చుట్టేయాలనుకోవడం! సరస్సులు సన్నంగా ఉంటాయి. ఎదుటి గట్టు మీది తోట కళ్లముందే కనిపిస్తుంటుంది. వెడల్పు మూడు నాలుగు కిలోమీటర్లే. కానీ మధ్యలో వంతెనలుండవు. సెనెకాకు ఈ పక్కనుంచి ఆ పక్కకు వెళ్లాలంటే కొసదాకా వెళ్లి చుట్టి రావాలి. దాదాపు గంట పడుతుంది. కయూగా చుట్టూ తిరిగే దారే 140 కిలోమీటర్లు.

అందుకే ఒక వారాంతానికి ఒక సరస్సు, ఒకటి రెండు ఊళ్లు చాలు. న్యూజెర్సీ నుంచి సుమారు నాలుగు గంటల ప్రయాణం. శుక్రవారం ఆఫీసు అవగానే బయల్దేరితే రాత్రి పడుకునే వేళకు చేరిపోవచ్చు. శనివారమంతా చేతిలో ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం రెండింటికల్లా కారెక్కితే సోమవారం పొద్దున ఎవరికీ ఒళ్లు నొప్పులుండవు.

మొదటి వారం... ఇథాకా

కయూగా దక్షిణపు కొసన ఉన్న ఊరు ఇథాకా. 1865లో మొదలైన కార్నెల్ విశ్వవిద్యాలయం ఇక్కడే కొండమీద ఉంటుంది. క్యాంపస్ పక్కనే లోయలు, వాటిలో వాగులు, వాగులమీద వంతెనలు. వారాంతాల్లో సరస్సు ఒడ్డున జరిగే రైతుబజారు పెద్దవాళ్లకు భలే కాలక్షేపం. వంకాయలూ గుమ్మడికాయలూ తేనె సీసాలూ పండించిన వాళ్లే అమ్ముతుంటారు. దలైలామా సొంత మఠమైన నామ్‌గ్యాల్‌కు ఉత్తర అమెరికా కేంద్రం కూడా ఈ ఊళ్లోనే ఉంది.

ఊరికి పావుగంట దూరంలో టగానక్ జలపాతం. ఎత్తు 215 అడుగులు. అంటే నయాగరాకన్నా 33 అడుగులు ఎక్కువ! నీళ్లు మాత్రం సన్నటి ధార. దాని దగ్గరికి వెళ్లే కాలిబాట కిలోమీటరు పైచిలుకు ఉంటుంది. ఎత్తుపల్లాలు దాదాపు ఉండవు. మోకాళ్ల నొప్పులున్న బామ్మలు కూడా మనవల చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిచి వెళ్లొచ్చు. రెయిలింగ్ పట్టుకుని తోసుకునే గుంపులుండవు. నయాగరాలో హోరు ఎక్కువ. ఇక్కడ పక్కనున్న మనిషి మాట వినిపిస్తుంది.

రెండో వారం... రాతిలోయ, గాజు ఊరు

సెనెకా దక్షిణపు కొసన వాట్కిన్స్ గ్లెన్. ఈ ఊరి నడిమధ్యే ఓ రాతిలోయ నోరు తెరుచుకుని ఉంటుంది. మూడు కిలోమీటర్ల దారిలో 19 జలపాతాలు. ఒకటి రెండుచోట్ల ధార వెనక నుంచే నడిచి వెళ్లొచ్చు. మెట్లు మాత్రం ఎనిమిది వందలకు పైనే. అంత ఎక్కలేమనుకునేవాళ్లకు ఓ ఉపాయముంది. పై గేటు దగ్గర దిగి కిందికి నడుచుకుంటూ రావడమే. కారు నడిపే అబ్బాయి కింద ఎదురుచూస్తే సరి. చలికాలంలో ఈ లోయదారి మూసేస్తారు.

అక్కడికి అరగంట దూరంలో కార్నింగ్. గాజుతో పేరు తెచ్చుకున్న ఊరు. 1951లో తెరిచిన ఇక్కడి గాజు మ్యూజియంలో వేల ఏళ్లనాటి పాత్రలున్నాయి. వాటితోపాటు ఆగి చూడాల్సింది విఫలమైన ఓ గాజుబిళ్లను! కాలిఫోర్నియాలోని పాలోమార్ టెలిస్కోపు కోసం 1934లో 200 అంగుళాల వెడల్పున దీన్ని పోతపోశారు. లోపలి అచ్చుముక్కలు ఊడి తేలడంతో పాడైంది. మళ్లీ పోసిన రెండోది పనికొచ్చింది. పాడైన మొదటిదాన్ని పారేయకుండా అందరూ చూసేలా నిలబెట్టారు. పరీక్షల మార్కులకు దిగులుపడే పిల్లలకు దీన్ని తప్పక చూపించాలి. ఎర్రగా కాలిన గాజుముద్ద ఊదగానే కూజాగా మారడం కూడా కళ్లారా చూడొచ్చు.

మూడో వారం... ద్రాక్షతోటల్లో

హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్లకు వేలాడే అనాబ్-ఎ-షాహి గుత్తులు చూసినవాళ్లకు క్యూకా గట్లమీది తోటలు కొత్తగా ఉంటాయి. ఇక్కడ పందిళ్లుండవు. వాలు వెంబడి తీగలు కట్టి వాటిమీద వరసలుగా పాకిస్తారు. మనకు వేసవి ముందు కోత. అక్కడ చలికాలం ముందు... సెప్టెంబరు, అక్టోబరుల్లో.

ఇంత చలిలో ద్రాక్షలేమిటి? ఆ గుట్టు సరస్సులోనే ఉంది. లోతైన నీళ్లు వేసవి వేడిని దాచుకుని చలికాలమంతా కొద్దికొద్దిగా వదులుతాయి. దాంతో గట్లమీద చలి కాస్త తగ్గుతుంది. వసంతంలో ఆ నీళ్లే చల్లగా ఉండి మొగ్గల్ని తొందరపడి విచ్చుకోనివ్వవు. ఆలస్యంగా కురిసే మంచునుంచి అవి తప్పించుకుంటాయి.

ఇక్కడ 1860 నుంచే వైన్ తయారీ ఉంది. కానీ అప్పటివన్నీ ఎక్కువగా స్థానిక రకాలు. సుకుమారమైన యూరప్ ద్రాక్ష ఈ చలికి బతకదన్నది అందరి నమ్మకం. దాన్ని మార్చినవాడు కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్. ఉక్రెయిన్‌లో ద్రాక్షసాగు నిపుణుడు. 1951లో అమెరికాకు వలస వచ్చేనాటికి వయసు యాభై దాటింది. ఇంగ్లిషు రాదు. జెనీవా పట్టణంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కూలిపనే దొరికింది. తమ దేశంలో ఇంతకన్నా గడ్డుచలిలో ద్రాక్ష పండించామని చెబితే పట్టించుకున్నవాళ్లు లేరు. చివరికి ఓ వైనరీని నడుపుతున్న ఫ్రెంచివాడు ఛార్లెస్ ఫోర్నియర్ ఆ మాట విన్నాడు. ఇద్దరికీ ఫ్రెంచి వచ్చు. చలిని తట్టుకునే వేరుమొక్కల మీద అంటుకట్టి ఫ్రాంక్ చేసి చూపించాడు. 1962లో క్యూకా గట్టున సొంత వైనరీ పెట్టాడు. దాన్నిప్పుడు నాలుగో తరం చూసుకుంటోంది. ఆయన వేసిన రీస్లింగ్ రకమే నేడు ఈ ప్రాంతానికి గుర్తింపు.

1976లో వచ్చిన ఓ చట్టంతో చిన్న రైతులు కూడా సొంత తోట పండుతో వైన్ చేసి, తోట దగ్గరే అమ్ముకునే వీలు కలిగింది. అప్పటినుంచే వైనరీలు పుట్టుకొచ్చాయి. ఇప్పుడు వంద దాటాయి.

మరి వైన్ ముట్టని ఇంటివాళ్లు? వాళ్లకూ ఇక్కడ పనుంది. చాలా తోటలు సరస్సుకు ఎదురుగా కొండవాలున ఉంటాయి. బల్లమీద కూర్చుని పులిహోర పొట్లం విప్పాలనుకుంటే మాత్రం ముందే అడగాలి. బయటి తిండిని కొన్నిచోట్ల అనుమతించరు. కెనండైగ్వా సరస్సు కొసన నేపుల్స్ అనే ఊరుంది. అక్కడ నల్లటి కాంకర్డ్ ద్రాక్షతో చేసే తియ్యటి పై ప్రసిద్ధి. తాగేవాళ్ల విషయంలో నియమాలు గట్టివి. 21 ఏళ్లు నిండాలి. కారు నడిపేవాళ్లు ముట్టకూడదని ముందే ఇంట్లో అనుకోవడం మంచిది. రెండు మూడు వైనరీలకు మించి పెట్టుకోకూడదు. నలుగురైదుగురికి మించితే ముందే ఫోన్ చేసి వెళ్లాలి.

క్యూకా కొసనున్న హ్యామండ్స్‌పోర్ట్‌లో పిల్లలకు విమానాల మ్యూజియం ఉంది. మోటార్‌సైకిళ్లు తయారుచేసే గ్లెన్ కర్టిస్ ఈ ఊరివాడే. 1908 జులై 4న ముందే చాటింపు వేసి, జనం చూస్తుండగా కిలోమీటరుకు పైగా విమానం నడిపాడు. రెండో కొసన పెన్ యాన్. అక్కడి రోడ్లమీద కార్లతోపాటు గుర్రబ్బండ్లూ వెళ్తుంటాయి. అవి నేటికీ పాత పద్ధతిలోనే బతుకుతున్న మెనొనైట్ క్రైస్తవ రైతులవి.

నాలుగో వారం... అమ్మకోసం

కయూగా ఉత్తరపు కొసకు దగ్గర్లో సెనెకా ఫాల్స్. పేరులో ఫాల్స్ ఉన్నా, జనం వచ్చేది జలపాతం కోసం కాదు. 1848 జులై 19, 20 తేదీల్లో అమెరికాలో తొలి మహిళాహక్కుల సభ జరిగింది ఇక్కడి చిన్న చర్చిలో. ఆడవాళ్లకు ఓటు కావాలన్న తీర్మానాన్ని ఎలిజబెత్ కేడీ స్టాంటన్ ప్రతిపాదిస్తే, తోటి మహిళలే కొందరు జంకారు. సభ ప్రకటన మీద 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు సంతకాలు చేశారు. ఆ హక్కు రాజ్యాంగంలోకి ఎక్కడానికి 72 ఏళ్లు పట్టింది. 1920 నాటికి ఆ సంతకాలు చేసిన స్త్రీలలో బతికున్నది ఒక్కరే. అనారోగ్యంతో ఆమే ఓటు వేయలేకపోయింది. 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల నుంచీ ఆడామగా తేడా లేకుండా వరసలో నిలబడిన దేశం నుంచి వెళ్లిన అమ్మకు, ఈ చర్చిలో కాసేపు కూర్చోవడం మరచిపోలేని అనుభవం.

అక్కడికి దగ్గర్లోనే అబర్న్. బానిసత్వం నుంచి పారిపోయి, మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి ఎందరినో విడిపించిన హేరియట్ టబ్‌మన్ చివరి రోజులు గడిపిన ఊరు. 1913లో అక్కడే కన్నుమూసింది. ఇంకాస్త తూర్పుకి వెళ్తే స్కినీయాట్లెస్ సరస్సు. నీళ్లు ఎంత స్వచ్ఛమంటే, సిరక్యూస్ నగరం వీటిని వడపోయకుండానే శుద్ధి చేసి తాగుతుంది. సాయంత్రం ఒడ్డున బల్లమీద కూర్చుంటే చాలు. చూడాల్సిన జాబితా ఏదీ మిగలదు.

ఎప్పుడు వెళ్లాలి?

మే నుంచి అక్టోబరు వరకూ అనుకూలం. అక్టోబరు నడిమికి ఆకులు ఎరుపు, పసుపు రంగులు తిరిగి కొండలు మెరిసిపోతాయి. ఆ వారాల్లో గదులు దొరకడం కష్టం. నెలల ముందే బుక్ చేసుకోవాలి. మే చివర్లో కార్నెల్ స్నాతకోత్సవం వారం ఇథాకా వైపు వెళ్లకపోవడమే మేలు. శాకాహారులు వంటగది ఉన్న అద్దె ఇల్లు తీసుకుంటే కుక్కరూ బియ్యంతో సమస్య తీరుతుంది. నాలుగు వారాలూ కుదరనివాళ్లు నయాగరా ప్రయాణానికే ఒక రోజు కలిపి, దారిలో వాట్కిన్స్ గ్లెన్‌లో ఓ రాత్రి ఆగొచ్చు. అక్కడినుంచి జలపాతం రెండున్నర గంటలే.

ఈసారి అమ్మానాన్నలకు విమానం టికెట్లు తీసినప్పుడే క్యాలెండర్ కూడా ముందు పెట్టుకోవాలి. వాళ్లను అడిగి నాలుగు శనివారాల మీద పేర్లు రాసి ఉంచాలి. ఇథాకా, వాట్కిన్స్ గ్లెన్, క్యూకా, సెనెకా ఫాల్స్. అప్పుడు సోమవారం పొద్దున ఇల్లు ఖాళీ అయ్యాక కిటికీ దగ్గర కూర్చున్న పెద్దవాళ్లకు, వచ్చే శనివారం ఎక్కడికో ముందే తెలిసి ఉంటుంది.