మా ఇంటి లెక్కలు – 6: పద్దు ఎవరు రాస్తున్నారు?

బాబాసాహెబ్ కొన్నాళ్ళు డబ్బు సలహాలిచ్చే ఆఫీసు నడిపారని మన మీటింగుల్లో ఎవరూ చెప్పరు. కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివి వచ్చిన మనిషిని 1917లో బరోడాలో తలదాచుకున్న సత్రం నుంచి గెంటేశారు. బొంబాయి తిరిగొచ్చాక ఇల్లు గడవడానికి ఆయన చేసిన పనుల్లో ఇదొకటి, షేర్ల వ్యాపారం చేసేవాళ్ళకు సలహా ఇవ్వడం. మొదట్లో బాగానే నడిచింది. సలహా ఇచ్చేది అంటరానివాడని తెలిశాక జనం రావడం మానేశారు, మూసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. 1923లో రూపాయి సమస్య మీద ఆయన పుస్తకం అచ్చయింది. దేశం కరెన్సీ ఎలా ఉండాలో చెప్పగలిగిన మనిషిని, మా పైసలు ఎక్కడ పెట్టాలని అడగడానికి వాళ్ళకు కులం అడ్డమొచ్చింది.

డబ్బు విషయంలో ఎవరి మాట నమ్మాలనేది ఈ దేశంలో చాలాకాలం కులమే తేల్చింది. వాళ్ళు మనల్ని నమ్మలేదు. మనకేమో వాళ్ళను నమ్మడం తప్ప దారి లేకపోయింది. మా తాత ఊళ్ళో పటేలు దగ్గర జీతగాడు. తెచ్చిన అప్పెంత, తీరిందెంత అన్నది పటేలు పద్దు పుస్తకంలో ఉండేది. తాతకు చదువు రాదు, చదివి వినిపించమని అడిగే వీలూ లేదు. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం వచ్చాక కూడా ఆ పద్దు ఇంకా కొన్నేళ్ళు నడిచిందని నాయిన చెప్తాడు. అందుకే మన వాడల్లో ఒక అలవాటు గట్టిపడింది. పైసల సంగతి ఎవరికీ చెప్పొద్దు, చెప్తే మనోడికే చెప్పాలి.

ఆ అలవాటు ఎంత ఖరీదైనదో మా ఇంట్లో రెండేళ్ళ కింద తెలిసింది.

నాయిన ఆర్టీసీ గ్యారేజీలో శ్రామిక్‌గా చేరి మెకానిక్‌గా రిటైర్ అయ్యాడు. పీఎఫ్, గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల డబ్బు కలిపి 22 లక్షలు వచ్చాయి. వినడానికి పెద్ద మొత్తమే. కానీ గవర్నమెంటు టీచర్‌కు వచ్చినట్టు ఆయనకు పెన్షన్ రాదు. ఈపీఎఫ్ పెన్షన్ నెలకు నాలుగు వేల లోపే. అంటే ఆ 22 లక్షలే ఇక మీద ఆయన జీతం, అమ్మ మందులు, ఇద్దరి ముసలితనం. అది పోతే మళ్ళీ సంపాదించడానికి ఇంకో ముప్పై ఐదేళ్ళు లేవు. మాకు భూమి లేదు, తాత ఇచ్చిపోయిన ఇల్లు లేదు. మూడు తరాల్లో మా ఇంటికి ఒకేసారి వచ్చిన పెద్ద డబ్బు అదొక్కటే.

డబ్బు ఖాతాలో పడిన నాలుగో రోజు బ్యాంకు నుంచి ఫోన్. "సార్, ఎఫ్‌డీ లాంటిదే, ఇంకా ఎక్కువ వస్తది" అని. వెళ్ళి చూస్తే అది బీమా పాలసీ. ఏటా రెండు లక్షల చొప్పున పదేళ్ళు కట్టాలి. అరవై ఏళ్ళ మనిషి, జీతం ఆగిపోయిన మనిషి, పదేళ్ళు ప్రీమియం ఎక్కడి నుంచి తెచ్చి కడతాడో వాళ్ళు అడగలేదు. ఆ వారంలోనే ఇంకో పాలసీతో మా దూరపు చుట్టం వచ్చాడు. సంఘంలో తిరిగినవాడే, నాకు అన్న వరస. ప్లాటు వెంచరు కరపత్రం పట్టుకుని ఇంకొకాయన వచ్చాడు. ఇద్దరు నాయినతో పాటు పనిచేసినవాళ్ళు చిట్టీ అన్నారు. దానికి రిజిస్ట్రేషన్ లేదు, చిట్టీ నడిపే మనిషి మాటే గ్యారంటీ. ఒకరైతే సూటిగానే చెప్పారు: "నూటికి రెండు చొప్పున వడ్డీకి తిప్పు, నెలకు నలభై వేలు కూసోని తినొచ్చు." నాయిన దానికి మాత్రం వెంటనే జవాబిచ్చాడు. "జిందగీ అంతా వడ్డీ కట్టినోన్ని. ఇంకొకని దగ్గర వడ్డీ గుంజ."

మా అన్న తెచ్చిన పాలసీ కాదనడం కష్టమైంది. ఆయన మోసగాడు కాడు. ఎంఏ చదివి ఉద్యోగం రాక ఏజెంటు అయినవాడు. నెలకు ఇన్ని పాలసీలు చేయకపోతే ఆయన ఇల్లు నడవదు. ఇలాంటి పాలసీల్లో మొదటి ఏడాది ప్రీమియం మీదే ఏజెంటుకు అన్నిటికన్నా ఎక్కువ కమీషన్ వస్తుంది. కాబట్టి మనకు ఏది అవసరం అన్న ప్రశ్న ఆయనకు ఎప్పుడూ రెండో ప్రశ్నే అవుతుంది, మంచివాడైనా సరే. పైసల దగ్గర మనోడా కాదా అని చూసే అలవాటు మనది. అసలు అడగాల్సింది వేరే ఉంది. ఈ మాట చెప్పినందుకు ఇతనికి పైసలు ఎవరిస్తున్నారు? కంపెనీ ఇస్తుంటే అది అమ్మకం. మనమిస్తుంటేనే సలహా.

ఈ తేడా చట్టంలోనే ఉంది. 2013లో సెబీ పెట్టుబడి సలహాదారుల నిబంధనలు తెచ్చింది. రిజిస్టరైన సలహాదారు మన దగ్గర ఫీజు తీసుకుంటారు. మనకిచ్చిన సలహా మీద కంపెనీల నుంచి కమీషన్ తీసుకోకూడదు. వాళ్ళ నంబరు ఐఎన్ఏ అనే అక్షరాలతో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైటులో పేరు వెతికి చూసుకోవచ్చు. ఏఆర్ఎన్ అని నంబరు చూపిస్తే ఆ మనిషి మ్యూచువల్ ఫండ్లు పంపిణీ చేసేవాడు, కమీషన్ మీద బతికేవాడు. అది తప్పు పని కాదు. కాకపోతే ఎవరి ముందు కూర్చున్నామో తెలిసి కూర్చోవాలి. టెలిగ్రామ్ గ్రూపుల్లో షేరు టిప్పులు ఇచ్చేవాళ్ళను ఈ నంబరు అడిగి చూడండి. చాలాచోట్ల మిమ్మల్ని గ్రూపులోంచి తీసేస్తారు.

నేను ఆ జాబితాలో చూసి హైదరాబాద్‌లో ఒక మేడమ్‌ను పట్టుకున్నా. ఫీజు 12 వేలు. ఇంట్లో చిన్నపాటి యుద్ధమే అయింది. "మాట చెప్పనీకి 12 వేలా? మాటలేనా, ఇంకేమన్నా ఇస్తదా?" అని అమ్మ. ఉచితంగా చెప్పిన పాలసీ తీసుకుంటే మొదటి ఏడాదే రెండు లక్షలు కట్టాలని, మధ్యలో ఆపితే కట్టినంత తిరిగి రాదని కాగితం మీద రాసి చూపించా. అమ్మ మాట్లాడలేదు కానీ ఒప్పుకోనూ లేదు.

పోయే ముందు మూడు నెలలు ఇంటి ఖర్చు నోట్‌బుక్‌లో రాశాం. అమ్మ చెప్తుంటే మా తమ్ముడు రాశాడు. ఇందులో ఏ నిపుణుల అవసరమూ లేదు, ఎవరైనా చేసుకోవచ్చు. రెండు సంగతులు బయటపడ్డాయి. సేటు దగ్గర అమ్మ పుస్తెలతాడు కుదవలో ఉంది, నూటికి రెండు వడ్డీ. చేబదుళ్ళతో కలిపి బాకీ 2 లక్షల 40 వేలు. ఏడాదికి 24 శాతం కడుతూ, ఇంకోచోట ఏడెనిమిది శాతం ఎలా సంపాదించాలా అని ఆలోచించడంలో అర్థం లేదు. ముందు అది తీర్చేశాం. ఇక రెండోది, కిరాణా తర్వాత మా ఇంటి పెద్ద ఖర్చు సావులు, దినాలు, పెండ్లిళ్ళు, చుట్టాల ఆసుపత్రులు.

మేడమ్ ఇచ్చిన ఫారంలో "ఆధారపడినవారు" అని రెండు గళ్ళున్నాయి. నాయిన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. నాయనమ్మ, మొగుడు పోయిన మేనత్త, ఆమె కొడుకు డిగ్రీ, చిన్నాయన కూతురు నర్సింగు... ఏడుగురు తేలారు. ఇంకో గడిలో "వారసత్వ ఆస్తి" అని ఉంది. నాయిన నవ్వి "మా నాయన నాకు అప్పు ఇచ్చిండమ్మా" అన్నాడు. ఆమె నవ్వలేదు, రాసుకుంది. ఆ ఫారం ఎవరి ఇళ్ళను చూసి తయారైందో మాకు అర్థమైంది. ఆమెకూ అర్థమైనట్టే ఉంది.

మొదట ఆమె చుట్టాలకు ఇవ్వడం తగ్గించమంది. అక్కడ నేను వాదన పెట్టుకున్నా. నాయిన ఉద్యోగం చేసినన్నాళ్ళు ఆ ఏడుగురికి బ్యాంకు, బీమా, స్కాలర్‌షిప్ అన్నీ ఆయనే. అది దుబారా కాదు. రాజ్యం చేయాల్సిన పని ఆయన చేశాడు. ఆమె విన్నది. రెండోసారి కూర్చున్నప్పుడు ఆమే ఒక దారి చెప్పింది: నెలకు మూడు వేలు విడిగా ఒక ఖాతాలో వేయండి, చుట్టాలకు ఇచ్చేదంతా అందులోంచే, అది అయిపోతే వచ్చే నెలే. చిన్న మాట. నాయినకు మాత్రం పెద్ద బరువు దిగింది. "లేదు" అని ఎప్పుడూ అనలేని మనిషి ఇప్పుడు "ఈ నెలది అయిపోయింది" అంటాడు. మేనత్త మొదట్లో రెండు నెలలు మాట్లాడలేదు. ఇప్పుడు ఒకటో తారీఖున ఫోన్ చేస్తుంది.

15 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకంలో పెట్టాం. అప్పుడు 8.2 శాతం. మూడు నెలలకోసారి 30,750 వస్తాయి. రెండు లక్షలు ఆపదకని బ్యాంకులో ఉంచాం. మిగిలిన 2 లక్షల 60 వేలు ఇంటి స్లాబుకు. ఇదేం గొప్ప రహస్యం కాదు, పోస్టాఫీసు గోడ మీద రాసే ఉంటుంది. మరి 12 వేలు దేనికని మా తమ్ముడు ఇప్పటికీ అంటాడు. నాలుగు వైపుల నుంచి లాగుతున్నప్పుడు, ఏమీ అమ్ముకోని ఒక మనిషి ఎదురుగా కూర్చుని మా లెక్క మొత్తం వినడానికి. నేనైతే అందుకే ఇచ్చా.

మన ఉద్యమాల్లో ఇలాంటివి మాట్లాడితే మధ్యతరగతి కబుర్లంటారు. ఒక మాట ఒప్పుకుంటా. అడ్డా మీద నిలబడి రోజుకూలికి పోయే ఇంటికి సలహాదారు అక్కర్లేదు. వాళ్ళకు కావాల్సింది కూలి రేటు, రేషన్, రిజిస్టరైన చిట్టీకీ కానిదానికీ తేడా. పొదుపు చేయక పేదవాళ్ళయ్యారని చెప్పేవాళ్ళను దగ్గరికి రానివ్వొద్దు. కానీ జీవితంలో ఒక్కసారి వచ్చే డబ్బు ఉంటుంది. రిటైర్మెంటుది, యాక్సిడెంటు పరిహారం, భూమి పోయినందుకు వచ్చే నష్టపరిహారం. సంపాదించే మనిషి చనిపోయినప్పుడు వచ్చే బీమా డబ్బు కూడా అంతే. వాటి వాసన ఏజెంట్లకు మనకంటే ముందే తెలుస్తుంది. ఆరు నెలలు బ్యాంకులోనే పడి ఉన్నా నష్టం తక్కువే. ఎవరొచ్చినా "మా బిడ్డను అడగాలె" అనమని మీ ఇంట్లో చెప్పి పెట్టండి. ఇప్పటికే బీమా పాలసీ మీద సంతకం పెట్టి ఉంటే, కాగితం చేతికొచ్చిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు. చిన్న కోతలు పోను కట్టింది తిరిగొస్తుంది. మా చిన్నాయన పోయినేడు అలాగే తెచ్చుకున్నాడు. ఏజెంటు మా అన్నే, అయినా ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

చిన్నాయన కూతురు నర్సింగు అయిపోయి జర్మనీ పోతానంటోంది. కన్సల్టెన్సీ వాళ్ళు అడుగుతున్న డబ్బు, నాయిన సంతకం పెట్టాల్సిన లోను, ఆ లెక్క వచ్చే భాగంలో.

జై భీమ్.