ఎడారిలో అత్తమ్మ మడి

అమెరికా అనగానే మనకి మంచు గుర్తొస్తుంది. మా బావగారు వాళ్ళుండే చాండ్లర్‌లో మంచు మాటే లేదు. అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ పక్కన, సోనోరన్ ఎడారిలో ఉన్న ఊరది. మనకి రోహిణి కార్తె రెండు వారాల్లో పోతుంది, వాళ్ళకి మే నుంచి సెప్టెంబరు దాకా అదే ఎండ. 43 డిగ్రీలు దాటడం అక్కడ మామూలు సంగతి. ఏడాదంతా కలిపి పడే వాన 20 సెంటీమీటర్లు. మన హైదరాబాద్ వైపు దానికి నాలుగింతలు పడుతుంది.

మామయ్య పోయాక బావగారు అత్తమ్మని అక్కడికి తీసుకెళ్ళారు. నిరుడు సెప్టెంబరు మొదటి వారంలో. ఆమెకి 72 ఏళ్ళు. మేడ్చల్ చుట్టూ ద్రాక్ష తోటలున్న రోజుల నుంచీ ఈ మట్టిలో పనిచేసిన మనిషి. ఆ తోటలు పోయి వెంచర్లు వచ్చాయి. అత్వెల్లిలో మా పొలం కూడా అలాగే పోయింది. మిగిలింది ఇంటి పక్కన 150 గజాల పెరడు. ఏ కాలంలో ఏం వెయ్యాలో అందులో ఆమె మాటే చెల్లుతుంది.

వెళ్ళిన వారానికే ఫోనులో గొంతు మారిపోయింది. "ఏం చేస్తున్నరు అత్తమ్మా?" అంటే "ఏం జేస్త బిడ్డా, కూసున్న" అనేది. పొద్దున్నే అందరూ ఉద్యోగాలకీ బళ్ళకీ వెళ్ళిపోతారు. తలుపు తీస్తే ఎండ, మూస్తే ఏసీ. "దసరా వరకన్న నన్ను పంపియ్యమని చెప్పు" అని ఒకరోజు ఏడ్చింది.

ఇక్కడ ఇంకో మాట మొదలైంది. "అమ్మ ఇంక ఎక్కువగా అన్న దగ్గరే ఉంటది గదా, పెరట్లో గదులేస్తే కిరాయి వస్తది" అన్నారు మావారు. మా వైపు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు గదుల కోసం తిరుగుతూనే ఉంటారు, ఆయన లెక్కలో తప్పేం లేదు. ఆమె వచ్చేదాకా ఆగుదాం అన్నాను నేను.

దసరా వెళ్ళగానే, చిత్త కార్తెలో, ఎప్పటిలాగే మడులు తవ్వడం మొదలుపెట్టాను. ఫోన్‌లో వీడియో పెట్టి అత్తమ్మకి చూపిస్తుంటే ఆమె కళ్ళు నా వెనకాల మట్టి మీదే ఉన్నాయి. మెంతులు ఎక్కడ చల్లాలి, ముల్లంగికి ఎంత ఎడం ఉంచాలి, అన్నీ చెప్పింది. చివరికి "ఈడ గుడ ఎండ తగ్గింది. నేను గుడ ఏస్త" అంది.

వాళ్ళ పెరడంటే గడ్డి కూడా లేని గులకరాళ్ళు. అవి తీసి మనవడు గడ్డపార వేస్తే ఖంగుమంది. కింద తెల్లగా, గట్టిగా సున్నపు పొర. అక్కడ దాన్ని కాలిచీ అంటారట. అది పగలగొట్టకపోతే నీళ్ళు దిగవు, వేళ్ళు దిగవు. రెండు శనివారాలు పట్టింది. బావగారు చెక్క పెట్టెలు కొని నేల మీద ఎత్తుగా మట్టి పోద్దామన్నారు. అత్తమ్మ ఒప్పుకోలేదు. వాన ఎక్కువ పడే చోట ఎత్తు మంచిదే, గాలి కూడా ఎండిపోయి ఉండే చోట ఎత్తు మీద మట్టి తొందరగా ఎండిపోతుంది. నేల కంటే కాస్త దించి చుట్టూ ఒడ్డు పెడితే పోసిన నీళ్ళు అక్కడే నిలుస్తాయి. మన మడి అదే కదా!

అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్ళు ఏ కూరగాయ ఏ నెలలో నాటాలో జిల్లాల వారీగా పట్టిక ఇస్తారు. మనవడు అది చదివి వినిపించాడు. క్యారెట్, ముల్లంగి, పాలకూర, క్యాబేజీ, బఠానీ, అన్నీ ఎండ తగ్గాకే. మట్టి వేడిగా ఉంటే పాలకూర సరిగా మొలవదు, ఎండ ముదిరితే కొత్తిమీర పూతకొచ్చేస్తుంది. "వాళ్లకు గుడ కార్తెలున్నయా?" అని అత్తమ్మ ఆశ్చర్యపోయింది. అమెరికాలో చలికాలం తినే ఆకుకూరల్లో చాలా భాగం అదే రాష్ట్రంలోని యూమా నుంచి వెళ్తాయని విన్నప్పుడు మాత్రం ఆశ్చర్యపోలేదు. నీళ్ళుంటే ఎడారి చలి కూరలకి మంచిదేనంది. హోహోకం అనే అక్కడి పాతకాలపు జనం వెయ్యేళ్ళ కిందటే సాల్ట్ నది నుంచి కాలువలు తవ్వి మక్క, చిక్కుడు, గుమ్మడి పండించారు మరి.

ఇక్కడి నుంచి విత్తనాలు తీసుకెళ్ళలేదు, అనుమతి లేకుండా తీసుకెళ్ళకూడదు. అక్కడి ఇండియన్ కొట్లో కొన్న మెంతులు, ధనియాలే చల్లింది. ధనియాలని చెప్పుతో రెండు బద్దలయ్యేలా నలిపి, ఒక రాత్రి నానబెట్టి.

తేడాలు రెండే వచ్చాయి. మొదటిది నీళ్ళు. అక్కడి నీళ్ళలో ఉప్పు ఎక్కువ. రోజూ పైపైన చల్లితే ఆ ఉప్పు మట్టి మీదే తెల్లగా పేరుకుంటుంది. అందుకని ఆగి ఆగి, లోతుగా తడిసేలా పెట్టాలి. రెండోది టమాట. మనం అక్టోబరులో నాటి సంక్రాంతికి తింటాం. అక్కడ డిసెంబరు, జనవరిలో కొన్ని రాత్రులు చలి సున్నాకి దిగుతుంది, లేత మొక్క మాడిపోతుంది. ఫిబ్రవరి, మార్చిలో నాటి ఎండలు బాగా ముదరకముందే కాయలు కోసుకోవాలి. ఎండ ముదిరాక పూత నిలవదు. అది తెలిసినా ఒక మొక్క నాటి, చలి రాత్రుల్లో పాత నూలు చీర కప్పి కాపాడుకుంది.

డిసెంబరులో మెంతికూర కోతకొచ్చింది. మా యారాలు కట్టలు కట్టి పక్కింటివాళ్ళకి పంచిందట. ఆ అక్క నాకు ఫోన్ చేసి "అత్తమ్మకి ఇన్ని తెలుసని నాకు తెలియదు" అంది. పాతికేళ్ళ కోడలి మాట అది. అప్పటి నుంచి మా ఫోన్లకి టైము కుదిరింది. వాళ్ళకీ మనకీ పన్నెండున్నర గంటల తేడా, వాళ్ళు గడియారాలు మార్చరు కాబట్టి ఏడాదంతా అంతే. నేను పొద్దున్నే మడి దగ్గరుంటే, ఆమె సాయంత్రం మడి దగ్గర. పంపియ్యమనే మాట మళ్ళీ రాలేదు. "ఆర్నెల్లు నిండినంక ఒస్త, గాజరగడ్డలు ఇంక తియ్యలె" అంది. నాకు సంతోషమూ కలిగింది, కొంచెం గుచ్చుకుంది కూడా.

సంక్రాంతి రోజు మావారు ధైర్యం చేసి గదుల సంగతి ఆమెకే చెప్పారు. అత్తమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఈడ రాళ్లల్ల మెంతికూర ఎల్లదీసిన. ఆడ ఎర్రమన్ను మీద గదులు కడ్తవార?"

మార్చిలో వచ్చింది. మూడు రోజులు తల్లీకొడుకుల మధ్య మాటల్లేవు, నాలుగో రోజు సగానికి రాజీ కుదిరింది. రోడ్డు వైపు రెండు గదులు వస్తాయి, బోరు వైపు మడులు ఉంటాయి. చిక్కుడు పందిరి మాత్రం పోతుంది. చిక్కుడు గింజలు ఇప్పటికే డబ్బాలో పోసి పెట్టింది, గోడకి పాకిస్తానంటోంది.

ఫీనిక్స్ అయినా, దుబాయ్ అయినా, కువైట్ అయినా, ఎండల దేశానికి అమ్మనో అత్తనో తీసుకెళ్ళేవాళ్ళు ఉంటే ఒక మాట. టికెట్ అక్టోబరుకి తీసుకోండి. వేసవిలో తీసుకెళ్తే పాపం వాళ్ళు చూసేది నాలుగు గోడలే. చలికాలంలో నాలుగు అడుగుల నేల చూపించి, ఒక గడ్డపార ఇచ్చి, పక్కకి తప్పుకోండి.