ఎవరికన్నా? ఏంట్లో? - డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ గురించి కొన్ని మాటలు



మన గ్రూపులో ఎస్సెస్సీ, బ్యాంకు పరీక్షలకు తయారయ్యే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నరు. ఇంగ్లీషులో డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ ప్రశ్న వస్తే వదిలేసి ముందుకు పోతున్నమని కొందరు చెప్పిన్రు. మేం నాగల్‌గిద్ద మండలం తండాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నోళ్లం. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం మేమే. రాత్రి అన్నాలు తిన్నాక నలుగురం కూసొని ఈ పాఠాన్ని మన భాషల దగ్గరి నుంచి మొదలుపెట్టి చదివినం. అట్ల చదివితే బాగ పట్టుబడ్డది. అందుకే మీకోసం రాస్తున్నం.

మా నాగల్‌గిద్దకు హైదరాబాద్ కన్నా బీదర్ దగ్గర. ఈ వాక్యంలో "దగ్గర" అనే మాట ఏం మారలేదు. పనంతా "కన్నా" చేసింది. హిందీలో ఈ పని "సే" చేస్తది, మరాఠీలో "పేక్షా", కన్నడంలో "గింత", మన గోర్‌బోలిలో "తి". గోర్‌బోలిలో మోటో, మోటి అని ఆడ, మగను బట్టి మాట మారుతది గానీ ఎక్కువ, తక్కువను బట్టి మారదు. మా సరిహద్దు ఊర్లల్ల వినపడే భాషలన్నీ ఇట్లనే ఉన్నయి.

ఇంగ్లీషు మాత్రం రెండు గుర్తులు అడుగుతది. మాట కూడా మారాలె, వెనక "దేన్" కూడా రావాలె. బీదర్ ఈజ్ నియరర్ టు అజ్ దేన్ హైదరాబాద్. మనకు చిక్కు వచ్చేది ఇక్కడనే. ఇది తెలివికి సంబంధించిన సంగతి కాదు. మన భాషల్లో ఒక గుర్తు చాలు, దానికి రెండు కావాలె, అంతే.

ఇక సూత్రాలు చూద్దాం.

ఒకటి. ఒక్క సిలబుల్ ఉన్న చిన్న మాటలకు చివర ఈ-ఆర్, ఈ-ఎస్-టీ కలపాలె. టాల్, టాలర్, టాలెస్ట్. మంజీర పొడవు 724 కిలోమీటర్లు, కృష్ణ సుమారు 1,400, గోదావరి 1,465. కృష్ణా ఈజ్ లాంగర్ దేన్ మంజీరా. గోదావరి ఈజ్ ద లాంగెస్ట్ ఆఫ్ ద త్రీ. రెండిటిని పోలిస్తే కంపారిటివ్, మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే సూపర్లేటివ్. సూపర్లేటివ్ ముందు "ద" మరువొద్దు.

రెండు. స్పెల్లింగ్. బిగ్, హాట్ లాంటి వాటిలో చివరి అక్షరం రెండుసార్లు రాయాలె. బిగ్గర్‌లో రెండు జీలు, హాటర్‌లో రెండు టీలు. లార్జ్‌లో చివర ఈ ముందే ఉంది కాబట్టి ఆర్ ఒక్కటి చాలు. డ్రై, హ్యాపీ లాంటి వాటిలో వై పోయి ఐ వస్తది.

మూడు. పొడుగు మాటలను కదిలించొద్దు, ముందు మోర్, మోస్ట్ పెట్టాలె. మోర్ డిఫికల్ట్, మోస్ట్ ఇంపార్టెంట్. రెండు సిలబుల్స్ ఉండి చివర వై ఉంటే ఈజీ, ఈజియర్, ఈజియెస్ట్ అనాలె. కేర్‌ఫుల్ లాంటి వాటికి మోర్.

నాలుగు. కొన్ని సూత్రానికి దొరకవు, నోటికి రావాల్సిందే. గుడ్, బెటర్, బెస్ట్. బ్యాడ్, వర్స్, వర్స్ట్. లిటిల్, లెస్, లీస్ట్. మచ్, మెనీ రెండిటికీ మోర్, మోస్ట్.

పరీక్షలో పట్టుకునేది ఎక్కువగా వీటి దగ్గరే. మోర్ బెటర్ తప్పు, వెరీ బెటర్ తప్పు, మచ్ బెటర్ కరెక్టు. వన్ ఆఫ్ ద టాలెస్ట్ అన్నాక బాయ్ కాదు, బాయ్స్ రావాలె. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ లాటిన్ నుంచి వచ్చిన కంపారిటివ్‌లు, వాటి వెనక దేన్ రాదు, టు వస్తది.

ఒక వాక్యాన్ని మూడు డిగ్రీల్లో మార్చమంటే ఇట్ల చేయాలె. తెలంగాణలో విస్తీర్ణంలో పెద్ద జిల్లా భద్రాద్రి కొత్తగూడెం. ద లార్జెస్ట్ డిస్ట్రిక్ట్ అంటే సూపర్లేటివ్. లార్జర్ దేన్ ఎనీ అదర్ డిస్ట్రిక్ట్ అంటే కంపారిటివ్. నో అదర్ డిస్ట్రిక్ట్ ఈజ్ యాజ్ లార్జ్ యాజ్ భద్రాద్రి కొత్తగూడెం అంటే పాజిటివ్. "అదర్" తీసేస్తే ఆ జిల్లా తనకన్నా తానే పెద్దదని అర్థం వస్తది. అందుకే అది ఉండాలె.

ఇంకో సంగతి ఉంది, ఇది గైడుల్లో కనపడదు. కంపారిటివ్ ఉన్న చోట దేన్ లేకపోతే జాగ్రత్తగ చదవాలె. రాజ్యాంగం 46వ అధికరణంలో "వీకర్ సెక్షన్స్" అనే మాట ఉంది, అందులో ముఖ్యంగా ఎస్సీలు, ఎస్టీలు అని ఉంది. వీక్ అనలేదు, వీకర్ అన్నరు. ఎవరికన్నా? ఏంట్లో? ఆ అధికరణం చదువు, ఆర్థిక విషయాల్లో ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని రాజ్యానికి చెప్తది. అంటే అది మనకు అందని వాటి లెక్క. మన బుర్రల కొలత కాదు. బయట మాత్రం అదే మాటను "వీళ్లు వీక్" అని సగం చేసి వాడుతరు.

మా జూనియర్ తమ్ముడు ఒకడు "నేను క్లాసులో వీకెస్ట్, చెరుకు నరకడానికే పోత" అని సంచి సర్దుకున్నడు. కూసోబెట్టి ఒక్కటే అడిగినం: ఏంట్లో వీకెస్ట్? గోర్‌బోలి, తెలుగు, కన్నడం, మరాఠీ నాలుగూ మాట్లాడుతడు. ఇంట్ల ఇంగ్లీషు విన్నోడు కాదు. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివినోళ్ల కన్నా ఇంగ్లీషులో వెనకున్నడు, అది నిజం. వాక్యం పూర్తి చేస్తే అంతే మిగిలింది. ఇంగ్లీషు వానికి ఇప్పటికీ కష్టమే, కానీ హాస్టల్లోనే ఉన్నడు.

సూపర్లేటివ్‌ను మనోళ్లు కూడా వాడిన్రు. జైపాల్ సింగ్ ముండా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కెప్టెన్. 1946 డిసెంబర్ 19న రాజ్యాంగ సభలో లేచి, ఆదివాసీలకు ప్రజాస్వామ్యం మీరు నేర్పలేరు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలె, భూమ్మీద వాళ్లంత ప్రజాస్వామికులు లేరు అనే అర్థంలో మాట్లాడిండు. ఇంగ్లీషులో ఆయన వాడిన మాట "మోస్ట్ డెమోక్రటిక్". పొడుగు మాట కాబట్టి మోస్ట్ వచ్చింది. హద్దు కూడా చెప్పిండు: భూమ్మీద.

ఈ ఆదివారం లోపల మీ తండా మీదనో, గూడెం మీదనో మూడు ఇంగ్లీషు వాక్యాలు రాయండి, ఒక్కో డిగ్రీలో ఒకటి. గోండి, కోయ మాట్లాడే అన్నలు, అక్కలు మీ భాషల్లో "కన్నా"ను ఏమంటరో కూడా చెప్పండి. తప్పులుంటే కలిసి దిద్దుకుందాం.