సముద్రం కనబడే గది

పోర్ట్ బ్లెయిర్‌లో గది తీసుకునేటప్పుడు నేను అడిగింది ఒక్కటే, కిటికీ తీస్తే సముద్రం కనబడుతుందా అని. కనబడుతుందన్నారు. అబద్ధమేం కాదు, కనబడింది. అందులో కాలు పెట్టడానికే వీల్లేదు.

మాది విశాఖపట్నం. ఆర్కే బీచ్ ఊరి నడిబొడ్డునే ఉండడంతో, సముద్రం ఒడ్డున ఊరంటే సాయంత్రం చెప్పులేసుకుని ఇసుకలోకి నడిచివెళ్లడమే అనుకోవడం మాకు ముదిరిన అలవాటు. అదే విశాఖలో హార్బరు వైపు స్నానానికి ఎవరూ వెళ్లరన్న సంగతి ఆ వేళ బుర్రకు తట్టలేదు. ఫోన్లో మ్యాపు పెట్టి చూస్తే గది ఉన్న డెలానీపూర్‌కి అటు ఫీనిక్స్ బే, ఇటు హ్యాడో. ఎటు చూసినా నీలి రంగే. రేటు గిట్టుబాటుగా ఉంది, ఫొటోలో కిటికీ పెద్దదిగా ఉంది. వేసవి సెలవుల్లో మేం ఉండబోయే రాత్రుళ్లన్నిటికీ అక్కడే డబ్బు కట్టేశాను. రద్దు చేసుకుంటే పైసా తిరిగిరాదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. చదివే కట్టాను.

దిగిన సాయంత్రం ఆటో ఆపి, హిందీ వాక్యం ఒకటి కూడగట్టుకుని బీచ్ ఎటని అడిగాను. డ్రైవరు నన్నొకసారి ఎగాదిగా చూసి తెలుగులోనే జవాబిచ్చాడు. "ఏటి బాబూ, ఇక్కడ బీచేటి? ఇది ఓడలొచ్చీ సోటు. తానమాడాలంటే కార్బిన్స్ కోవ్‌కెల్లాల. ఇప్పుడెల్తే సీకటే."

తెలుగు వినబడినందుకు ఆశ్చర్యపోనక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవాళ్లూ, వాళ్ల పిల్లలూ. జంగ్లీఘాట్ చేపల రేవులో నిలబడితే భీమిలిలో ఉన్నట్టే మాటలు వినబడతాయి. గది తీసుకునేముందు ఇలాంటి మనిషి ఒక్కడికి ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. మా వీధిలోనే అలాంటి చుట్టాలున్నవాళ్లు ఉన్నారు. నేను వాళ్లని అడగకుండా ముక్కూమొహం తెలియనివాళ్లు ఇచ్చిన నక్షత్రాలు లెక్కపెట్టుకుంటూ కూచున్నాను.

పోర్ట్ బ్లెయిర్‌ని 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురం చేశారు. నోటికి ఇంకా పాత పేరే వస్తోంది. ఏ పేరు పెట్టినా అది రేవు పట్టణమే. ఫీనిక్స్ బేలో ప్రభుత్వ పడవలు ఆగుతాయి. హ్యాడో వార్ఫుకి చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి పెద్ద ఓడలు వస్తాయి. హ్యాడో నుంచి వంతెన దాటితే ఛాథమ్ దీవి, అక్కడ 1883లో పెట్టిన కలప కోత మిల్లు. మిగతా తీరంలో కొంత భాగం నౌకాదళానిది. ఊళ్లో చెప్పుకోదగ్గ ఇసుక ఒడ్డు కార్బిన్స్ కోవ్ ఒక్కటే, అది డెలానీపూర్ నుంచి కిలోమీటర్ల దూరం. వండూర్, చిడియా టాపు ఇంకా దూరం, ఒక్కోటి పాతిక కిలోమీటర్ల పైమాటే. వండూర్‌లో మొసళ్లున్నాయని బోర్డులుంటాయి, స్నానం చేసేవాళ్లు వల కట్టిన మేరలోనే దిగాలి. మా అబ్బాయికి ఆ బోర్డు పక్కన ఫొటో దిగడమే మహా సంబరం. వాళ్లమ్మ మాత్రం వాణ్ని మోకాలి లోతు దాటనివ్వలేదు.

మ్యాపులో ఇంకో మోసం ఉంది, అది ఎత్తు చూపదు. ఊరంతా కొండ. అరకిలోమీటరని రాసి ఉంటే అది దిగి ఎక్కాల్సిన అరకిలోమీటరు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. రెండో రోజు గది నుంచి మెయిన్ రోడ్డుకొచ్చేసరికి ఆయాసపడుతూ "ఒరేయ్, ఇది లాడ్జియా సింహాచలం మెట్లా?" అంది. సెల్యులార్ జైలు, అక్కణ్నుంచి రాస్ దీవికి వెళ్లే పడవల రేవు, రెండూ అబర్డీన్ వైపు. అటు దిగి ఉంటే ఆమె మెల్లగా నడిచే వెళ్లివచ్చేది. ఆటోలకి పెట్టిన డబ్బు లెక్క వేయడం నాలుగో రోజో ఎప్పుడో మానేశాను.

తర్వాత గడియారం సంగతి. మన దేశపు టైము నిర్ణయించే రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు గడియారం కన్నా నలభై నిమిషాలు ముందుంటాడు. మే నెలలో ఐదింటికే తెల్లగా తెల్లవారిపోతుంది, సాయంత్రం ఆరయ్యేసరికి దీపాలు పెట్టేస్తారు. నా పెద్ద కిటికీ తూర్పు వైపు. పల్చటి కర్టెన్ లోంచి పొద్దున్నే ఎండ సూటిగా మంచం మీద పడేది. తువ్వాలు అడ్డం కట్టి పడుకున్నాం. పగలంతా బయటే తిరిగి వచ్చేసరికి చీకటి. అదనంగా డబ్బు కట్టిన ఆ కిటికీలోంచి రోజూ మేం చూసింది రేవులో దీపాలు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ హావ్‌లాక్ దగ్గర తగిలింది. 2018 డిసెంబరు నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్. రాత్రుళ్లన్నీ డెలానీపూర్‌లో కట్టేశాను కనుక అక్కడికి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేద్దామనుకున్నాం. ప్రైవేటు పడవలో గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రభుత్వ పడవలో ఇంకాస్త ఎక్కువ. దిగాక రాధానగర్ బీచ్‌కి దీవి అడ్డంగా దాటి వెళ్లాలి. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో మేటి అన్న బీచ్ అదే. పడమటి తీరం కావడంతో అక్కడ చూడాల్సింది పొద్దు గుంకడం. మా తిరుగు పడవ అందాకా ఆగదు. చెట్ల నీడలు ఇంకా పొట్టిగా ఉన్నప్పుడే తడిబట్టలు సంచిలో కుక్కుకుని జీపెక్కాం. అప్పుడే వస్తున్న జంటలు మా వైపు జాలిగా చూశారు, లేదా నాకలా అనిపించింది.

పైగా అది మే నెలాఖరు. నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయన్న వార్త ఏటా పేపర్లో చదివి, హమ్మయ్య, ఇక మనకీ వానలే అని సంతోషిస్తాం. తాకడమంటే అక్కడ వాన పడడమేనని, ఆ వానలో మనమే నిలబడతామని నాకు స్ఫురించలేదు. మామూలుగా ఆ తాకిడి మే ఇరవై దాటాక ఉంటుంది. మన బడి సెలవులు సరిగ్గా అప్పుడే. మే సగానికి జాలీ బాయ్ దీవికి పడవలు ఆపేసి రెడ్ స్కిన్ దీవికి వేస్తారు. పగడాలకు ఆర్నెల్లు విశ్రాంతి ఇస్తారన్నమాట. జాలీ బాయ్ ఫొటోలు చూసి వచ్చిన మా ఆవిడకి ఆ విశ్రాంతి నచ్చలేదు.

సముద్రం పోటెక్కి హావ్‌లాక్ పడవ ఒకసారి రద్దయింది కూడా. అప్పుడు తెలిసింది డెలానీపూర్ విలువ. రేవు దగ్గరే కనుక తడుస్తూ వెనక్కొచ్చి, మర్నాడు తెల్లారకుండానే మళ్లీ వెళ్లగలిగాం. దూరంగా రిసార్టుల్లో దిగినవాళ్లు ఆ రోజంతా టాక్సీల్లోనే గడిపారు. వాన తగ్గని ఆ మధ్యాహ్నం టీల్ హౌస్ ఎదురుగా ఉన్న నౌకాదళపు సముద్రిక మ్యూజియంకి వెళ్లాం. ఆవరణలో నీలి తిమింగలం అస్థిపంజరం ఉంది. దవడ ఎముక ఒక్కటే మా అబ్బాయి కన్నా పొడుగు. వాడు దాని పక్కన చేతులు చాపి కొలుస్తూ, పక్కకి జరిగి మళ్లీ కొలుస్తూ చాలాసేపు ఉన్నాడు. ఆ ప్రయాణంలో వాడికి బాగా గుర్తున్న చోటు ఏదంటే ఇప్పటికీ అదే చెప్తాడు. గది నుంచి అక్కడికి నడిచే వెళ్లాం, అమ్మతో సహా.

రెండోసారి సంక్రాంతి దాటాక వెళ్లాం, రాత్రుళ్లు పంచుకుని. వెళ్లిన రాత్రీ, తిరిగొచ్చే ముందు రాత్రీ డెలానీపూర్‌లో, మధ్యవన్నీ హావ్‌లాక్‌లో, నీల్ దీవిలో. అప్పుడూ ఒక పొరపాటు జరిగింది. హావ్‌లాక్‌లో గది తూర్పు తీరాన విజయ్‌నగర్ వైపు తీసుకున్నాం. కొబ్బరి చెట్ల కింద చక్కటి చోటే. కాని ఆటు సమయంలో నీళ్లు దూరంగా వెళ్లిపోతాయి, రాళ్లూ పగడపు ముక్కలూ బయటపడతాయి, ఈత కుదరదు. పౌర్ణమి దగ్గర పడే కొద్దీ నీళ్లు మరీ వెనక్కిపోయాయి. పంచాంగం చూసి ముహూర్తం పెట్టుకునే మనం బీచ్ గదికి తిథి చూసుకోమెందుకో.

ఇప్పుడెవరైనా సలహా అడిగితే నేను ముందు పడవ టికెట్ ఏ రేవు నుంచి అని అడుగుతున్నాను. ప్రభుత్వ పడవైతే ఫీనిక్స్ బే, ప్రైవేటు పడవలు చాలావరకు హ్యాడో. రెండింటికీ డెలానీపూర్ దగ్గరే, పడవెక్కే ముందు ఆ ఒక్క రాత్రికి దాన్ని మించిన చోటు లేదు. ఐదున్నరకి టిఫిన్ కట్టిస్తారా అన్నది కిటికీ కన్నా ముఖ్యం.

విమానం ముందు రాత్రి మాత్రం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలని గట్టిగా చెప్తాను. పడవ ఆలస్యమైతే టికెట్ మార్చుకోవడానికి నెట్ కావాలి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక దీవుల్లో నెట్ చాలా మెరుగుపడింది, అయినా హావ్‌లాక్‌లో అక్కడక్కడా సిగ్నల్ తప్పిపోతుంది. రెండో ప్రయాణంలో హావ్‌లాక్ జెట్టీలో ఒక కుటుంబాన్ని చూశాను, మాటను బట్టి గుంటూరు వైపువాళ్లు. వాళ్ల విమానం ఆ మధ్యాహ్నమే, పడవేమో ఆలస్యం. తండ్రి బెంచీ మీద నిలబడి ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. సిగ్నల్ వచ్చినప్పుడల్లా మర్నాటి టికెట్ ధర చదివి వినిపిస్తున్నాడు. చదివిన ప్రతిసారీ అది పెరిగే ఉంటోంది.