ఏపీ 25 బండికి పూచీ ఎవరు?

డోంగ్లిలో ఇంకా తిరుగుతున్న కొన్ని కార్లు డోంగ్లి మండలం కంటే వయసులో పెద్దవి. మద్నూర్ నుంచి విడదీసి ఈ మండలాన్ని చేసింది 2022లో. కామారెడ్డి జిల్లా పుట్టింది 2016 దసరాకు. తెలంగాణ వచ్చింది 2014లో. ఏపీ 25 నంబరు ప్లేటుతో తిరిగే ఇండికాలకూ సుమోలకూ ఇవన్నీ కళ్లముందు జరిగిన సంగతులే. వాటి ఆర్సీ తీసి చూస్తే మండలం మద్నూర్, జిల్లా నిజామాబాద్ అనే ఉంటుంది. తర్వాత టీఎస్ 17 వచ్చింది, దాని వెనక టీజీ వచ్చింది. తలుపు కింది అంచు తుప్పుపట్టి రాలుతున్నా ఏపీ 25 మాత్రం పత్తి చేలకూ పెండ్లిండ్లకూ సరిహద్దు అవతల మహారాష్ట్రలోని దెగ్లూరు దవాఖానకూ తిరుగుతూనే ఉంది.

ఇలాంటి బండి దారిలో ఆగిపోతే ఎవరొస్తారు? కాగితం మీద దీనికి చాలా జవాబులున్నాయి. బీమా కంపెనీలు ‘రోడ్‌సైడ్ అసిస్టెన్స్’ అని ఒక తోకను పాలసీకి తగిలించి అమ్ముతాయి. ఫోన్ చేస్తే మనిషిని పంపుతారు. బ్యాటరీ దిగితే కేబుల్ వేసి స్టార్ట్ చేస్తారు, పంక్చరైతే స్టెప్నీ మారుస్తారు, ఏదీ కుదరకపోతే దగ్గరి గ్యారేజీకి గుంజుకపోతారు. వినడానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా దరఖాస్తులోనే, బండి తయారైన సంవత్సరం అడిగిన గడి దగ్గర వస్తుంది.

పాత కారున్నవాళ్లలో ఎక్కువమంది కట్టేది థర్డ్ పార్టీ ఒక్కటే. చట్టం తప్పనిసరి అన్నది దాన్నే. ఆ కట్టుడులో బండి వయసును ఎవరూ పట్టించుకోరు. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1,500 సీసీ వరకు 3,416, ఆ పైన 7,897. పదేళ్ల బండికీ అంతే, ఇరవై ఏళ్ల బండికీ అంతే. దారిలో సాయం అనే తోక మాత్రం మామూలుగా ఫుల్ ఇన్సూరెన్సుకే తగులుతుంది. పాతబడ్డ బండికి ఫుల్ ఇన్సూరెన్సు చేయించేది తక్కువమంది. చేయించినా ఈ తోకకు చాలా కంపెనీలు వయసు హద్దు పెట్టుకున్నాయి. వసూలు చేసేటప్పుడు గుర్తురాని వయసు సాయం దగ్గరికొచ్చేసరికి గుర్తొస్తుంది.

ఫుల్ ఇన్సూరెన్సులోనైనా అసలు పాలసీ ఏమంటుందో చాలామంది చదవరు. మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ మా పూచీ కాదని అది తేటగానే చెబుతుంది. అరిగిపోవడమూ కాదు. 2002 నాటి మోటార్ టారిఫ్ నుంచి వస్తున్న పాఠంలో ప్రమాదం జరిగిన కారును దగ్గరి రిపేరు షాపుకు చేర్చే ఖర్చు 1,500 రూపాయల వరకు ఇస్తామని ఉంది. అదీ గుద్దుకుంటేనే. ఊరికే ఆగిపోతే ఏమీ రాదు. చెట్టుకు గుద్దుకున్న కారుకు దారి ఖర్చు దొరుకుతుంది, చెట్టు కింద ఆగిపోయిన కారుకు దొరకదు.

సర్కారు సంగతి ఇంకోటి. పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ తిరగరాయించుకునే ఫీజు 600 నుంచి 5,000 అయింది 2022 ఏప్రిల్‌లో. ఇరవై ఏళ్లు దాటితే 10,000 అని 2025 ఆగస్టులో అన్నారు. పొగ సంగతి కాదనలేం, పాత డీజిల్ బండి వెనక బైక్ మీద పోయినవాడికి ఆ ఫీజు న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఆ ఫీజు కట్టి, ఫిట్‌నెస్ చేయించి, రోడ్డు మీద తిరిగే హక్కు సంపాదించుకున్న బండికి దారిలో ఆగిపోయినప్పుడు దిక్కెవరన్నది మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

హైవే మీదైతే కొంత నయం. సంగారెడ్డి నుంచి పిట్లం, మద్నూర్ మీదుగా నాందేడ్ పోయే 161 నంబరు జాతీయ రహదారి మన పక్కనుంచే పోతుంది. దాని మీద ఆగితే జాతీయ రహదారులవాళ్ల 1033కు ఫోన్ చేయొచ్చు. అంబులెన్సు, పెట్రోలింగ్ బండి, క్రేన్ వాళ్ల ఏర్పాటులో ఉంటాయి. అయితే ఆ క్రేన్ వచ్చేది దారికి అడ్డం తీయడానికి, బండి బాగుచేయడానికి కాదు. పైగా హైవే దిగి డోంగ్లి దారి పట్టామంటే ఆ నంబరు పని అక్కడితో సరి. వానకాలం నల్లరేగడి పొలాల నుంచి ట్రాక్టర్లు ఎక్కించిన మట్టి రోడ్డంతా పూసుకుని ఉంటుంది. మంజీర నది నిండితే కొన్ని ఊళ్లకు దారే ఉండదు. కారు ఆగేది అలాంటి చోటే, అలాంటి రోజే.

కాల్ సెంటర్‌కు ఈ భూగోళం చెప్పడం ఒక పరీక్ష.

“సార్, మీ లొకేషన్?”

“డోంగ్లి దగ్గర.”

“స్పెల్లింగ్ చెప్పండి సార్... అది మహారాష్ట్రనా సార్?”

“కాదమ్మా, కామారెడ్డి జిల్లా.”

“మీ ఆర్సీలో నిజామాబాద్ అని ఉంది సార్.”

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఎక్కడో కూచుని ముందున్న తెరను చూసి మాట్లాడుతుంది. సరిహద్దులో ఫోనే ఒక్కోసారి మహారాష్ట్ర టవర్ పట్టుకుంటే ఆమె తెర మాత్రం ఏం చేస్తుంది? “దగ్గర్లో ల్యాండ్‌మార్క్?” అంటే చెప్పడానికి మనకున్నది హనుమాన్ గుడి. అది లేని ఊరు ఈ చుట్టుపక్కల ఉందా?

దారిలో ఆగిన బండికి సాయం చేసే ఈ పని ఇంగ్లండులో మొదలైన తీరు తమాషాగా ఉంటుంది. 1905లో అక్కడి కార్లవాళ్లు ఆటోమొబైల్ అసోసియేషన్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. రోడ్ల మీద బండ్లు ఆగిపోతున్నాయని కాదు. వేగంగా పోతున్నామని పోలీసులు పొదల వెనక దాక్కుని పట్టుకుంటుంటే, సైకిళ్ల మీద మనుషులను పెట్టి ముందే హెచ్చరించడానికి! ఆ సైకిలు మనుషులే తర్వాత పానాలు పట్టుకుని ఆగిన బండ్లు బాగుచేసేవాళ్లయ్యారు. జర్మనీలో 1903 నుంచి ఉన్న ఏడీఏసీ సంఘానికి ఇప్పుడు రెండు కోట్లకు పైగా సభ్యులు. దాని పసుపు బండ్లలో వచ్చే మెకానిక్కులను అక్కడి జనం ‘పసుపు దేవదూతలు’ అంటారు. మన దేశంలోనూ బొంబాయిలో 1919 నాడే వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ పుట్టింది. అది నగరాల్లో కార్లున్న దొరల కాలం.

వీటి గురించి చదువుతుంటే నాకు పట్టింది ఒకటే. అవి సంఘాలుగా పుట్టినవి. సభ్యత్వం మనిషిది. అలాంటి సభ్యత్వమున్నవాడు తన బండిలో ఉన్నా, బావమరిది బండిలో ఉన్నా వచ్చి చూస్తారు. మన దగ్గర బీమాకు తగిలించి అమ్మే పూచీ బండిది. బండికి కట్టిన పూచీ బండితోపాటే ముసలిదై, అవసరం పెరిగే వయసుకు చేతులెత్తేస్తుంది. మనిషికి కట్టినదానికి ఆ బాధ లేదు. విడిగా సభ్యత్వాలు అమ్మే కంపెనీలు ఇక్కడా ఉన్నాయి, కొన్ని పాత బండ్లనూ చేర్చుకుంటాయి. కొనేముందు మూడు నాలుగు సంగతులు అడిగి తీరాలి. ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితంగా గుంజుతారు, ఏడాదికి ఎన్నిసార్లు వస్తారు, తారు రోడ్డు దిగితే వస్తారా, మద్నూర్ దాటి ఇటు వచ్చే మనిషి నిజంగా ఉన్నాడా? చివరిదానికి “పాన్ ఇండియా సర్వీస్ సార్” అంటే లేడనే లెక్క.

మద్నూర్‌లో కంపెనీ మనిషి లేకున్నా మాకు తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఆయన షాపుకు బోర్డు లేదు, అడ్డంగా కట్టిన పాత టైరొకటి ఉంది. సగం రిపేర్లు ఆయన ఫోన్లోనే చేస్తాడు.

“సార్, తాళం తిప్పితే టక్ టక్ టక్ అంటుందా, ఒక్కసారే టక్కుమని ఊకుంటుందా?”

వరుసగా టకటకమంటే బ్యాటరీలో పస లేదు. ఒక్కసారే అని ఊరుకుంటే సెల్ఫ్ మోటారు తేడా. ఏ చప్పుడూ లేదంటే ఆయన అడుగు మరో దిక్కుకు పడుతుంది.

“బానెట్ లేపుండ్రి. బ్యాటరీ టెర్మినల్ కాడ తెల్లగ బూజు లెక్క పట్టిందా? ఉడుకు నీళ్లు పోసి కడుగుండ్రి. పట్టీ వదులైతే చెప్పు తీసి రెండు దెబ్బలెయ్యుండ్రి.”

చెప్పు దెబ్బతో లేచిన కార్లను నేను చూశాను. డీజిల్ అయిపోయి గాలి పట్టిన ఇండికాను కూడా ఆయన ఫోన్లోనే నడిపించాడు: ఫిల్టరు మీది స్క్రూ కొంచెం వదులు చేయమన్నాడు, చేతిపంపు నొక్కుతూ ఉండమన్నాడు. నురుగుతో బుడగలు వచ్చినంతసేపూ నొక్కి, బుడగలు ఆగి డీజిల్ చక్కగా కారగానే స్క్రూ బిగించమన్నాడు. వేడెక్కి ఆగిన బండైతే ముందుగా చెప్పేది “మూత ముట్టకుండ్రి.” రేడియేటర్ మూత తీసి మొహం కాల్చుకున్నవాళ్లను ఆయన చూశాడు మరి.

ఇదంతా పాత బండ్లకే చెల్లుతుంది. ఇవ్వాళ్టి డీజిల్ బండిలో పంపును నడిపేది కంప్యూటరు, తాళంచెవి బదులు బటను. గేర్లు తానే మార్చుకునే కారును నూకితే స్టార్ట్ కాదు. అలాంటివి ఆగితే మేస్త్రి కూడా చేతులు కట్టుకుని, “బోధన్‌కో నిజామాబాద్‌కో ఏసుకపోవాలె” అంటాడు. పల్లెలో ఎవరో ఒకరు బాగుచేయగల బండికి కంపెనీ పూచీ లేదు, ఎవరూ ముట్టలేని బండికి బోలెడంత పూచీ ఉంది. వ్యాపారం లెక్కన అది సబబే. కొత్తది తక్కువగా ఆగుతుంది కాబట్టి పూచీ ఇవ్వడం చవక.

డోంగ్లి దారిలో ఆగిన బండికి నిజంగా దొరికేది ట్రాక్టరు. తాడు కట్టి గుంజుతారు. ఇందులో జాగ్రత్త ఉంది, తొందరలో ఎవరూ చెప్పరు. గుంజే కారు తాళంచెవి తిప్పే ఉంచాలి, లేకపోతే స్టీరింగ్ లాక్ పడుతుంది. ఇంజిన్ ఆగి ఉంటే బ్రేకుకు బూస్టర్ బలం ఉండదు, పెడల్ మామూలుకన్నా ఎంతో గట్టిగా తొక్కాలి. ట్రాక్టరాయన మనమీద ప్రేమతో వేగం పెంచితే మనం వెనకనుంచి ఆయనకే తగులుతాం.

ట్రాక్టరు ఆపేముందు అతను అడిగేది కూడా మనిషి సంగతే: “ఎవలోళ్లు మీరు? ఏ ఊరు?” ఫలానావాళ్ల అల్లుడినంటే పని అయిపోతుంది. బండి మోడల్ అడగడు. ఇక్కడిదాకా వింటే పల్లె గొప్ప, కంపెనీ చెడ్డ అనిపిస్తుంది. నేను అలా అనను. ఫలానావాళ్ల అల్లుడు కానివాడి సంగతేమిటి? దెగ్లూరు నుంచి నెలలు నిండిన మనిషిని తీసుకుని రాత్రి పూట వచ్చేవాడు తాడు దొరికేదాకా ఎవరి పేరు చెప్పుకోవాలి? సాయం చేసినవాడికి పైసలిస్తే తీసుకోడు. తీసుకోడు కాబట్టి వచ్చే వానకాలం అతను ట్రాలీ నిండా సోయాబీన్ బస్తాలు దింపడానికి మనిషి కావాలన్నప్పుడు మనం కాదనలేం. అదీ ప్రీమియమే, కిస్తీల్లో కడతాం.

నన్నడిగితే ఈ మూలకు బీమా కన్నా ముందు కావలసింది ముందే తెలిసిన ధర. మద్నూర్ నుంచి డోంగ్లికి వచ్చి బండి గుంజుకపోతే పగలు ఇంత, రాత్రి ఇంత, మంజీర అవతలికైతే ఇంత అని ఒకచోట రాసి ఉంటే సగం భయం పోతుంది. రాత్రి పదింటికి ముసలమ్మను కారులో కూచోబెట్టుకున్నవాడితో బేరమాడేవాడు అడిగే ధర మామూలు ధర కాదు. ఇదే మాట మేస్త్రితో అన్నాను. రేట్ల బోర్డొకటి టైరు పక్కన కట్టమన్నాను.

ఆయన గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించాడు.

“బోర్డు కడితే సుట్టాలకాడ గుడ పైసలు తీసుకోవాలె గద సార్” అన్నాడు. “ఈ చుట్టుపక్కల నాకు సుట్టం కానోడు ఎవడున్నడు?”