రెండు లక్షలు ఎక్కడివిరా?

నిన్న రాత్రి మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. "బాబాయ్, క్రిప్టోలో రెండు లక్షలు పెడదామనుకుంటున్నా. అదంతా మోసమంటావా?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

బిట్‌కాయిన్‌ని నేను మోసం అనను. 2009 నుంచి నడుస్తోంది, లెక్కలు ఎవరైనా చూసుకోవచ్చు, 2.1 కోట్లకు మించి నాణేలు పుట్టవు. కానీ పొలం కొంటే పంట వస్తుంది, ఇల్లు కొంటే అద్దె వస్తుంది. దీనికి ఏమొస్తుంది? మనకంటే ఎక్కువ ధర పెట్టి కొనేవాడు రేపు దొరకాలి, అంతే. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దగ్గరున్నది ఏడాది తిరిగేసరికి 16 వేలకు పడింది. ఆ తర్వాత లక్ష దాటిన మాటా నిజమే. మరి ఆ పడిపోయిన రోజుల్లోనే వాడి చెల్లెలి పెళ్లి కుదిరితే?

నా అసలు భయం వేరే. "నెలకు పది శాతం గ్యారంటీ, ఇంకో ఇద్దర్ని చేర్పించండి" అనే వాట్సాప్ గ్రూపులు. అది పాత గొలుసుకట్టు మోసమే, పేరు మాత్రం కొత్తది. మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు పీఎఫ్ డబ్బంతా అలాగే పోగొట్టుకున్నారు. పొద్దున నడకకు రావడమే మానేశారు పాపం.

పన్ను సంగతీ వాడికి చెప్పాను. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం. ఒక నాణెంలో పోయింది ఇంకో నాణెం లాభంలోంచి తీసేసుకోవడానికి కూడా లేదు.

"సరే, రెండు లక్షలు ఎక్కడివిరా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. పర్సనల్ లోన్ అట.

వద్దని గట్టిగానే చెప్పాను. ఆదివారం ఇంటికి రమ్మన్నాను.